బ్యాక్టీరియాలో యాక్టిన్, ట్యూబ్యులిన్‌ల బంధువులు: చుట్టరికం ఎలా తేలింది?

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైనట్టు చెబుతాను. కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్ పోగుల చట్రమైన కణ అస్థిపంజరం నిజకేంద్రక జీవులకే ఉంటుందని ఇంటర్మీడియట్‌లో చదివారు. ఎమ్మెస్సీకి వచ్చాక బ్యాక్టీరియాలోనూ ఎఫ్‌టీఎస్‌జెడ్, ఎంఆర్ఈబీ అనే ప్రోటీన్లు ఉన్నాయనీ, అవి మన కణాల్లో ఆ పోగులు కట్టే ట్యూబ్యులిన్, యాక్టిన్‌లకు వరుసగా పూర్వీకులనీ విన్నారు. రెండు వైపుల అమైనో ఆమ్లాల వరుసలు తెచ్చి పోల్చి చూస్తే పదిహేను శాతం దాకా కూడా కలవలేదు. ఇంత తక్కువ పోలికతో చుట్టరికం ఎలా చెబుతారు? ఒకే రకం పని చేయడం వల్ల విడివిడిగా వచ్చిన పోలిక ఎందుకు కాకూడదు? మనకు ఇవి బ్యాక్టీరియా నుంచే వచ్చాయా?

చుట్టరికం నిజమే, అందులో నాకు సందేహం లేదు. అయితే ఇప్పటి బ్యాక్టీరియాలోని ప్రోటీన్లు మన ప్రోటీన్లకు పూర్వీకులు కావు, దాయాదులు. మూలపురుషుడు ఒకడే, అతను ఈ రెండు శాఖలకూ ముందటివాడు. ఈ తేడాను పక్కన పెడితే పరిణామ కథ అంతా తలకిందులవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎఫ్‌టీఎస్‌జెడ్‌తో మొదలుపెడదాం. 1968లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో హిరోటా, రైటర్, ఫ్రాన్స్వా జాకబ్ కొన్ని ఈ. కోలై ఉత్పరివర్తనాలను వర్ణించారు. ఆ కణాలు 30 డిగ్రీల దగ్గర మామూలుగానే రెండుగా విడిపోతాయి. 42 డిగ్రీలకు చేర్చగానే పెరుగుతూనే ఉంటాయి, డీఎన్ఏ కూడా రెట్టింపవుతూనే ఉంటుంది, కానీ మధ్యలో గోడ పడదు. ఫలితంగా ఒక్కో కణం పొడవాటి దారంలా సాగిపోతుంది. వేడికి ఇలా దారాలయ్యే గుణాన్ని బట్టే ఆ జన్యువులకు ఎఫ్‌టీఎస్ అనే పొడి అక్షరాలు వచ్చాయి. వాటిలో ఒకటైన ఎఫ్‌టీఎస్‌జెడ్ కణంలో ఎక్కడ ఉంటుందో 1991లో కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఎర్ఫీ బీ, జో లుట్కెన్‌హాస్ చూపించారు. యాంటీబాడీలకు బంగారు రేణువులు అతికించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే, కణం ఎక్కడ విడిపోబోతోందో సరిగ్గా అక్కడ, కణత్వచం లోపలి అంచున ఆ ప్రోటీన్ ఉంగరంలా చేరి ఉంది. విభజన సాగుతున్న కొద్దీ ఆ ఉంగరం కుంచించుకుపోతోంది.

బ్యాక్టీరియా కణం లోపల ప్రోటీన్లు ద్రవంలో ఊరికే తేలుతుంటాయన్న పాత నమ్మకానికి అక్కడ గట్టి దెబ్బ తగిలింది. అంతకుముందు ఎవరికీ కనబడకపోవడంలో వింత లేదు. ఈ. కోలై వెడల్పు ఒక మైక్రోమీటరు లోపే. మామూలు కాంతి మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. మన కణాల్లో ట్యూబ్యులిన్ కట్టే సూక్ష్మనాళికల్లాంటి లావుపాటి నిర్మాణాలు బ్యాక్టీరియాలో చాలా అరుదు. ఉన్నవి ఒకటి రెండు వరుసల సన్నని పోగులు, అవి కూడా కణత్వచానికి అంటుకుని ఉంటాయి.

ఉంగరం కనబడిన తర్వాత రెండేళ్లలోపే మూడు ప్రయోగశాలలు ఎఫ్‌టీఎస్‌జెడ్ జీటీపీని, అంటే ఏటీపీలాగే శక్తినిచ్చే చిన్న అణువును, పట్టుకుని విడగొడుతుందని తేల్చాయి. అంతకంటే ఆసక్తికరమైన విషయం ఇంకొకటి ఉంది. జీటీపీని పట్టుకునే ప్రోటీన్లు కణంలో చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ వాటికి ఒక తరహా గుర్తింపు వరుస ఉంటుంది. ట్యూబ్యులిన్‌ది ఆ తరహా కాదు. దానికి సొంత గుర్తు ఉంది: మూడు గ్లైసిన్‌లు, ఒక థ్రియోనిన్, మళ్లీ ఒక గ్లైసిన్, ఆ వెనక ఇంకో రెండు. ఎఫ్‌టీఎస్‌జెడ్‌లో కనబడింది సరిగ్గా ఆ గుర్తే. మొత్తం వరుసలో పోలిక 10 నుంచి 18 శాతం మధ్యే ఉన్నా, ఈ ఏడు అక్షరాల ముక్క దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది. శాతాలు మాత్రమే చూసేవారికి ఇది కనబడదు. వరుసలో ఎంత కలిసిందన్నది ఒక ప్రశ్న, ఏ చోట కలిసిందన్నది దానికంటే పెద్ద ప్రశ్న.

అసలు రుజువు 1998 జనవరిలో వచ్చింది. కేంబ్రిడ్జ్‌లో యాన్ లోవె, లిండా ఏమస్ 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ఎఫ్‌టీఎస్‌జెడ్ స్ఫటిక నిర్మాణాన్ని ప్రకటించారు. అదే నేచర్ సంచికలో బర్కిలీ నుంచి ఎవా నొగాలెస్, వుల్ఫ్, డౌనింగ్ 3.7 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ట్యూబ్యులిన్ నిర్మాణాన్ని ప్రకటించారు. రెండు బృందాలు, వేర్వేరు పద్ధతులు, ఒకే మడత, అంటే ప్రోటీన్ గొలుసు ముడుచుకున్న తీరు ఒకటే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి చెప్పాలి. లోవె, ఏమస్ వాడిన ఎఫ్‌టీఎస్‌జెడ్ బ్యాక్టీరియాది కాదు. సముద్రగర్భంలో వేడినీటి బుగ్గల దగ్గర బతికే మిథనోకాకస్ జనాషియై అనే ఆర్కియాది. ఆర్కియా అంటే బ్యాక్టీరియాలాగే కేంద్రకం లేని, కానీ వేరే శాఖకు చెందిన ఏకకణ జీవులు. అంటే ఎఫ్‌టీఎస్‌జెడ్ బ్యాక్టీరియాకు మాత్రమే సొంతమైన ఆస్తి కాదు. ఈ ముక్క మీ మూడో ప్రశ్నకు పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

మడత కలిసినంత మాత్రాన చుట్టరికం ఖాయమా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. నేను లెక్కలోకి తీసుకునేది మూడు విషయాలు ఒకదాని మీద ఒకటి పేరుకోవడాన్ని. మొదటిది మడత. రెండోది, ఆ మడతలో జీటీపీ కూర్చునే చోటు, దాన్ని పట్టుకునే గుర్తింపు ముక్క రెండింటిలోనూ ఒకటే కావడం. మూడోది నాకు అన్నిటికంటే బలంగా తోస్తుంది. ఈ ప్రోటీన్ అణువు ఒంటరిగా ఉన్నప్పుడు జీటీపీని దాదాపు విడగొట్టదు. ఒక అణువు మీద ఇంకొకటి వచ్చి కూర్చున్నప్పుడు, పై అణువులోని ఒక మెలిక కింది అణువు పట్టుకున్న జీటీపీని తాకుతుంది. అప్పుడే విడగొట్టే చర్య జరుగుతుంది. అంటే పూర్తి ఎంజైము ఒక అణువులో లేదు, రెండు అణువుల మధ్య సందులో ఉంది. పోగుగా పేరుకోవడమూ, ఆ పోగు తర్వాత విడిపోవడానికి గడియారం మొదలవడమూ ఒకే చర్యలో ఇమిడి ఉన్నాయి. ఎఫ్‌టీఎస్‌జెడ్‌లోనూ ట్యూబ్యులిన్‌లోనూ ఈ ఏర్పాటు ఒకటే, అదే మెలిక, అదే చోటు, అణువుకూ అణువుకూ మధ్య దూరం రెండింటిలోనూ 4 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇన్ని వివరాలు విడివిడిగా పుట్టి ఇలా కలిశాయని నమ్మడం చాలా కష్టం.

ట్యూబ్యులిన్‌లో ఒక మార్పు మాత్రం వచ్చింది. మన ట్యూబ్యులిన్ ఆల్ఫా, బీటా అనే రెండు అణువుల జంట. ఒకే జన్యువు రెండై, రెండూ వేర్వేరు దారులు పట్టడం వల్ల వచ్చిన జంట అది. ఆల్ఫా మెలికలో చర్యకు కావలసిన గ్లుటమేట్ ఉంది. బీటాలో అదే చోట లైసిన్ ఉంది, దానికి ఆ శక్తి లేదు. అందుకే జంట మధ్యలో చిక్కుకున్న జీటీపీ ఎప్పటికీ విడిపోదు, బీటా పట్టుకున్నదే విడిపోతుంది. పాత యంత్రంలో సగం చోట్ల మీట పీకేశారన్నమాట. ఎఫ్‌టీఎస్‌జెడ్‌లో ప్రతి అణువుకూ మీట ఉంది. పాత రూపం ఏ వైపు ఎక్కువగా నిలిచి ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎఫ్‌టీఎస్‌జెడ్ పోగులు స్థిరంగా ఉండవని 2017లో రెండు బృందాలు ఈ. కోలైలోనూ బాసిల్లస్ సబ్టిలిస్‌లోనూ చూపించాయి. ఒక కొస కొత్త అణువులు చేరుతుంటాయి, ఇంకో కొస పాతవి రాలిపోతుంటాయి. తిరునాళ్లలో సీరియల్ బల్బుల వెలుగు పరుగెత్తుతున్నట్టు కనబడినా బల్బు కదలనట్టే, ఇక్కడ పోగు ఉంగరం చుట్టూ తిరుగుతున్నట్టు కనబడుతుంది కానీ ఏ అణువూ ఉన్నచోటు వదలదు. కణకవచాన్ని కట్టే ఎంజైములు ఆ కదలికను అనుసరించి గోడను లోపలికి పేర్చుకుంటూ వస్తాయి.

ఇక యాక్టిన్ వైపు. ఇక్కడ నిర్మాణం కంటే ముందే అంచనా వచ్చింది. 1992లో పీర్ బోర్క్, క్రిస్ సాండర్, అల్ఫోన్సో వలెన్సియా ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. యాక్టిన్, ఇతర ప్రోటీన్లు సరిగ్గా ముడుచుకోవడానికి సాయపడే హెచ్‌ఎస్‌పీ70, చక్కెరకు ఫాస్ఫేటు అతికించే హెక్సోకైనేజ్ అనే మూడు ప్రోటీన్లలో ఏటీపీని పట్టుకునే భాగం ఒకే తరహాలో మడిచి ఉందని అప్పటికే తెలుసు. ఆ మడతకు కీలకమైన కొన్ని చిన్న ముక్కలను పట్టుకుని వెతికితే, బ్యాక్టీరియాలోని ఎంఆర్ఈబీ, ఎఫ్‌టీఎస్‌ఏ, ప్లాస్మిడ్‌లనే చిన్న అదనపు డీఎన్ఏ వలయాలను పిల్ల కణాలకు పంచే పార్‌ఎం కూడా ఆ కుటుంబానివే అయి ఉండాలని వారు అంచనా వేశారు. అప్పటికి వాటి నిర్మాణాలు ఏవీ తెలియవు. తొమ్మిదేళ్ల తర్వాత, 2001లో, వాన్ డెన్ ఎంట్, ఏమస్, లోవె థెర్మోటోగా మారిటిమా అనే బ్యాక్టీరియా ఎంఆర్ఈబీ స్ఫటిక నిర్మాణాన్ని తేల్చారు. మడత యాక్టిన్‌దే. అంతేకాదు, ఆ స్ఫటికంలోనే అణువులు ఒకదాని మీద ఒకటి పోగులా పేర్చుకుని ఉన్నాయి, 5.1 నానోమీటర్ల దూరంలో. యాక్టిన్ పోగు వెంట ఆ దూరం 5.5. కాగితం మీద చేసిన అంచనా అంత చక్కగా నిజమవడం నాకు ఇప్పటికీ ఎంతో ఉత్సాహాన్నిస్తుంది.

ఆ జాబితాలో హెక్సోకైనేజ్ ఉండటాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది పోగులు కట్టడం కోసం పుట్టిన ప్రోటీన్ కాదు, మామూలు ఎంజైము. రెండు భాగాలు, మధ్యలో పగులు, అందులో ఏటీపీ, పట్టుకున్న అణువులను బట్టి ఆ పగులు మూసుకోవడం తెరుచుకోవడం. ఇలాంటి అణువు ముందు ఉండి, దాని ఉపరితలంలో చిన్న మార్పు వచ్చి ఒకదానికొకటి అతుక్కోవడం మొదలైతే, పోగు కట్టే గుణమూ ఏటీపీతో దాన్ని అదుపు చేసే గుణమూ ఒకేసారి చేతికి వస్తాయి. అస్థిపంజర ప్రోటీన్ల మూలాన్ని నేను అక్కడ వెతుకుతాను: అతుక్కోవడం నేర్చిన ఎంజైముల్లో.

ఎంఆర్ఈబీ ఏం చేస్తుందంటే, కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాకు ఆ ఆకారాన్నిస్తుంది. అది లేకపోతే ఈ. కోలై గుండ్రంగా అయిపోతుంది. సహజంగానే గుండ్రంగా ఉండే స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్‌లకు ఆ జన్యువే లేదు. 2001లో జోన్స్, కార్బలీదో-లోపెజ్, ఎరింగ్టన్ బాసిల్లస్‌లో ఇది కణం పొడవునా స్ప్రింగులా చుట్టుకుని ఉందని వర్ణించారు. ఆ బొమ్మ పుస్తకాలకెక్కింది, చాలా వాటిలో ఇంకా ఉంది. మీ నోట్సులో ఉంటే మార్చుకోండి. 2011లో మూడు బృందాలు ఎంఆర్ఈబీ చిన్న చిన్న ముక్కలుగా ఉండి, కణం పొడవుకు అడ్డంగా చుట్టూ తిరుగుతుందని చూపించాయి. ఈ. కోలైలో కనబడిన చక్కని స్ప్రింగు ఆకారం ప్రోటీన్‌కు తగిలించిన వెలుగు తోక వల్ల పుట్టిన వికారమని 2012లో స్వూలియస్, జెన్సెన్ తేల్చారు. కణకవచ నిర్మాణాన్ని మందుతో ఆపితే ఎంఆర్ఈబీ కదలిక కూడా ఆగిపోతుంది. అంటే దాన్ని తిప్పేది గోడ కట్టే యంత్రాంగమే. మన ఎముకల్లా బరువు మోసే పని ఎంఆర్ఈబీది కాదు. బ్యాక్టీరియాలో లోపలి ఒత్తిడిని తట్టుకునేది కణకవచపు వల, ఎంఆర్ఈబీ ఆ వల ఎక్కడ పెరగాలో దారి చూపుతుంది. ఆ వల పెరగాలంటే ముందు పాత ముడులు తెగాలి. ఆ ముడులు కోసే ఎంజైములు లేకపోతే ఈ. కోలై పెరగలేదని 2012లో చూపించినది హైదరాబాద్ సీసీఎంబీలోని మంజులా రెడ్డి బృందం. కణకవచంపై చేసిన పరిశోధనకు ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఎంఆర్ఈబీ చదివేటప్పుడు ఆ పత్రాలను పక్కన పెట్టుకోండి, గోడ లేకుండా ఈ ప్రోటీన్‌ను అర్థం చేసుకోలేం.

ఒకే రకం పని వల్ల వచ్చిన పోలిక కావచ్చు కదా అన్న మీ సందేహానికి నా జవాబు ఇక్కడే ఉంది. పనులు అసలు ఒకటి కావు. మన కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమ్‌లను లాగే కండె ట్యూబ్యులిన్‌ది, కణాన్ని నడుమ బిగించే ఉంగరం యాక్టిన్, మయోసిన్‌లది. ఈ. కోలైలో నడుమ ఉంగరం ట్యూబ్యులిన్ దాయాదిది. ఆర్1 అనే ప్లాస్మిడ్ రెండు ప్రతులను కణం రెండు చివరలకు నెట్టేది యాక్టిన్ దాయాది అయిన పార్‌ఎం. పనులు ఇలా తారుమారయ్యాయి. పోనీ బ్యాక్టీరియాలోనైనా ఒక నియమం ఉందా అంటే, అదీ లేదు. బాసిల్లస్ తురింజియెన్సిస్ ప్లాస్మిడ్‌ను పంచే టబ్‌జెడ్ ట్యూబ్యులిన్ కుటుంబానిది. సూడోమొనాస్ బ్యాక్టీరియాలో చొరబడే ఒక పెద్ద ఫేజ్ (బ్యాక్టీరియా వైరస్) తన డీఎన్ఏను కణం నడిమధ్యలో నిలపడానికి ఫుజెడ్ అనే తన సొంత ట్యూబ్యులిన్ దాయాదితో కండె కట్టుకుంటుంది. అయస్కాంత బ్యాక్టీరియాలో ఇనుప స్ఫటికాల సంచులను వరుసలో నిలిపే మామ్‌కే యాక్టిన్ కుటుంబానిది. పని మారుతూ పోయింది, మడత నిలిచింది. పని ఒకటి కావడం వల్ల రూపం కలిసిందన్న వాదం నిలవాలంటే కనీసం పని కలవాలి కదా.

క్రెసెంటిన్ అనే ఇంకో బ్యాక్టీరియా ప్రోటీన్ సంగతి అలా కాదు. 2003లో అవుస్మీస్, కూన్, జేకబ్స్-వాగ్నర్ కాలోబాక్టర్ అనే బ్యాక్టీరియాలో దీన్ని కనుగొన్నారు. చంద్రవంకలా వంగి ఉండే ఈ కణంలో వంపు లోపలి వైపు ఇది పోగులా ఉంటుంది, తీసేస్తే కణం నిటారు కడ్డీ అవుతుంది. మన కెరాటిన్ లాంటి మధ్యస్థ తంతువులకు ఇది బంధువని అప్పట్లో రాశారు, ఇప్పటికీ చాలా చోట్ల అలాగే ఉంది. నేను అలా చెప్పను. రెండు హెలిక్స్‌లు పెనవేసుకున్న తాడు లాంటి నిర్మాణం పరిణామంలో సులభంగా, మళ్లీ మళ్లీ పుట్టగలదు. ఎఫ్‌టీఎస్‌జెడ్ విషయంలో చెప్పిన రెండో, మూడో ఆధారాలు ఇక్కడ లేవు. మీ అనుమానం క్రెసెంటిన్ పట్ల అయితే అది సరైన అనుమానమే.

వరుసలు ఇంతగా ఎందుకు మారిపోయాయి? మన కండరంలోని యాక్టిన్‌కూ ఈస్ట్ యాక్టిన్‌కూ పోలిక దాదాపు 87 శాతం. అదే ఎంఆర్ఈబీ, పార్‌ఎం, ఎఫ్‌టీఎస్‌ఏ బ్యాక్టీరియా ప్రోటీన్లే అయినా ఒకదానితో ఒకటి ఏమంత కలవవు. పోగుల అల్లిక కూడా వేరు: యాక్టిన్ కుడివైపు మెలి తిరిగిన జంట, పార్‌ఎం ఎడమవైపు, ఎంఆర్ఈబీ అసలు మెలి తిరగకుండా రెండు పోగులు ఎదురెదురు దిశల్లో పడుకున్న జంట. నిజకేంద్రక కణంలో యాక్టిన్ మీద ఆధారపడ్డ ప్రోటీన్లు వందలాది. దాని ఉపరితలంలో ఏ అక్షరం మారినా వాటిలో ఏదో ఒకటి దెబ్బతింటుంది, కాబట్టి అది గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. బ్యాక్టీరియాలో ఒక్కో పోగుకు ఒక్కో పని, కొద్దిమంది తోడు, అందుకే మారే స్వేచ్ఛ ఎక్కువ. మీరు చూసిన తక్కువ శాతం దూరపు చుట్టరికానికి గుర్తే, చుట్టరికం లేదనడానికి గుర్తు కాదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. బ్యాక్టీరియా నుంచి మనకు నేరుగా వచ్చిన దారి మైటోకాండ్రియా. ఆ బ్యాక్టీరియం లోపలికి వచ్చినప్పుడు తన ఎఫ్‌టీఎస్‌జెడ్‌నూ తెచ్చుకుంది. కొన్ని ఆల్గేల మైటోకాండ్రియా ఇప్పటికీ దానితోనే విడిపోతున్నాయి. జంతువుల్లో అది పోయి డైనమిన్ అనే వేరే ప్రోటీన్ ఆ పని అందుకుంది. మొక్కల్లో హరితరేణువు సయనోబ్యాక్టీరియా సంతతి, దాని ఎఫ్‌టీఎస్‌జెడ్ జన్యువులు కేంద్రకంలోకి మారి నేటికీ పనిచేస్తున్నాయి. నాచు మొక్కలో ఆ జన్యువును తొలగిస్తే కణమంతా ఒకే పెద్ద హరితరేణువు మిగులుతుందని 1998లో చూశారు. కాబట్టి వరి ఆకులోని ఒక కణాన్ని తీసుకుంటే, అందులో సూక్ష్మనాళికల్లో ట్యూబ్యులిన్, హరితరేణువు నడుమ ఎఫ్‌టీఎస్‌జెడ్. ఎన్నో వందల కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన దాయాదులు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే ఇంట్లో ఉన్నారు. ట్యూబ్యులిన్ మైటోకాండ్రియా ద్వారా వచ్చిన ఎఫ్‌టీఎస్‌జెడ్ మారి పుట్టినది కాదు.

మరి యాక్టిన్, ట్యూబ్యులిన్ వచ్చిన దారి ఏది? ఆర్కియా. గ్రీన్‌లాండ్, నార్వేల మధ్య సముద్రగర్భంలో లోకీస్ కాసిల్ అనే వేడినీటి బుగ్గల ప్రాంతం ఉంది. దానికి దగ్గరి బురదలో దొరికిన డీఎన్ఏ నుంచి 2015లో లోకీఆర్కియోటా అనే ఆర్కియా శాఖను గుర్తించారు. వాటి యాక్టిన్ ఎంఆర్ఈబీ కంటే మన యాక్టిన్‌కు ఎంతో దగ్గర. 2018లో అకిల్, రాబిన్సన్ ఆ కుటుంబపు ప్రొఫిలిన్‌ను (యాక్టిన్‌ను అదుపు చేసే ప్రోటీన్) తయారుచేసి చూస్తే, అది క్షీరదాల యాక్టిన్‌ను పట్టుకుని అదుపు చేసింది. జపాన్‌లో ఇమాచి బృందం పన్నెండేళ్లు శ్రమించి ఇలాంటి ఒక జీవిని పెంచగలిగి 2020లో ప్రచురించింది. ఆ తర్వాత వియన్నా, జ్యూరిచ్ శాస్త్రవేత్తలు లోకీఆర్కియం ఓసిఫెరం కణాల్లో, పొడవాటి కొమ్ముల్లోపల కూడా, యాక్టిన్ పోగులను నేరుగా క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశారు. 2025లో అదే జీవిలో ట్యూబ్యులిన్‌తో కట్టిన సన్నని సూక్ష్మనాళికలను కూడా వర్ణించారు. ఎఫ్‌టీఎస్‌జెడ్ కుటుంబం బ్యాక్టీరియాలోనూ చాలా ఆర్కియాలోనూ ఉంది కాబట్టి, దాని మూలరూపం ఈ రెండు రాజ్యాలూ విడిపోకముందే ఉండేదన్నది ఎక్కువమంది అభిప్రాయం, నాదీ అదే.

అయితే కథ సాఫీగా ఉందనుకోకండి. ప్రోస్థెకోబాక్టర్ అనే బ్యాక్టీరియంలో 2002లో దొరికిన బీట్యూబ్-ఏ, బీట్యూబ్-బీ ఎఫ్‌టీఎస్‌జెడ్ కంటే మన ట్యూబ్యులిన్‌కే చాలా దగ్గర, పోలిక దాదాపు 35 శాతం. నాలుగైదు పోగుల చిన్న నాళికలు కూడా కడతాయి. వేరే జీవి నుంచి ఆ జన్యువు దాటి వచ్చిందన్నది నాకు నమ్మదగిన వివరణ. క్లమీడియాకు ఎఫ్‌టీఎస్‌జెడ్ లేదు, ఎంఆర్ఈబీ సాయంతో విడిపోతుంది. సల్ఫోలోబస్ లాంటి ఆర్కియాకూ లేదు, అవి మన కణాల్లో పొరలను కత్తిరించే ఎస్కార్ట్ ప్రోటీన్ల బంధువులతో పని కానిస్తాయి. తప్పనిసరి అనుకున్న భాగాన్ని కూడా పరిణామం తీసి పక్కన పెట్టగలదు.

శాతాలు వదిలి నిర్మాణాలు మీరే చూడండి. ప్రోటీన్ డేటా బ్యాంకు నుంచి ఎఫ్‌టీఎస్‌జెడ్‌కు 1ఎఫ్ఎస్‌జెడ్, ట్యూబ్యులిన్‌కు 1టీయూబీ, ఎంఆర్ఈబీకి 1జేసీజీ, యాక్టిన్‌కు 1ఏటీఎన్ దించుకోండి. అన్నీ ఉచితం, చూపించే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. 1ఏటీఎన్‌లో యాక్టిన్‌కు డీఎన్ఏస్-1 అనే ఎంజైము అతుక్కుని ఉంటుంది, ముందు దాన్ని దాచేయండి. 1టీయూబీలో బీటా ఒక్కదాన్నే ఉంచి 1ఎఫ్ఎస్‌జెడ్ మీద పేర్చండి. రెండింటిలోనూ న్యూక్లియోటైడ్ ఎక్కడ కూర్చుందో, గ్లైసిన్‌ల ముక్క దాన్ని ఎలా చుట్టుకుందో చూడండి. తర్వాత ఆల్ఫాను మళ్లీ తెరిచి, పై అణువు మెలిక కింది అణువు జీటీపీ దగ్గరికి ఎలా దిగుతుందో గమనించండి. ఏదైనా కలవకపోతే, ఏ అణువును ఏ అణువు మీద పేర్చారో రాసి పంపండి, చూసి చెబుతాను.